ఏడవనివ్వని ఇల్లు

"పిల్లా, లేస్తున్నవా లేదా? పొద్దు పొడవవట్టింది. ఇసుర్రాయి కాడ జొన్నలు పోసిన, లే."

అత్త నర్సవ్వ గొంతుకు గంగామణి కళ్లు తెరిచింది. తెరుస్తూనే పక్కన చేత్తో తడిమింది. చాప చల్లగా తగిలింది. నిద్రలో ఏదో మరుపు ఉంటుంది గానీ, మెలకువ వచ్చిన ప్రతి పొద్దునా ఆ చల్లటి చాపే ఆమెకు కూతురు బుజ్జమ్మ లేదన్న సంగతి మళ్లీ కొత్తగా చెబుతుంది. చెప్పగానే రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టవుతుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది, లోపలికి దిగదు.

"లే అంటుంటే ఇనబడ్తలేదా?" అని అత్త మళ్లీ అరిచింది.

గంగామణి గోడ పట్టుకొని లేచింది. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకొని భర్త రాజారాం అప్పటికే కూర్చొని ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక నూలు దొరకడమే గగనమైంది. మగ్గం మీద సగం నేసిన చీర ఎన్నాళ్లుగానో అట్లాగే ఉంది. అయినా అతను రోజూ వచ్చి అందులోనే కూర్చుంటాడు. భార్య పక్క నుంచి నడిచి వెళ్లినా తల తిప్పి చూడడు.

బుజ్జమ్మ పోయింది నాట్ల కాలంలో. నిజాంసాగర్ కాలువ ఒడ్డు ఒరుసుకొని పారుతున్న రోజులవి. గంగామణి బట్టలుతకడానికి పోతూ పిల్లను వెంట తీసుకెళ్లింది. గట్టు మీద కూర్చోబెట్టి, చేతికి గడ్డిపూలు కోసిచ్చి, కదలొద్దని చెప్పింది. కోక పిండి తుమ్మకంప మీద ఆరేసి వెనక్కి తిరిగేసరికి గట్టు మీద పూలున్నాయి, పిల్ల లేదు. ఆమె కేకలకు పొలాల్లో నాట్లేస్తున్న వాళ్లంతా ఉరికొచ్చారు. పిల్ల చాలా దిగువన తూము దగ్గర దొరికింది.

ఆడవాళ్లు వచ్చి గంగామణిని పట్టుకొని ఏడ్చారు. మూడో రోజు కూడా ఏడుస్తూ కూర్చుంటే నర్సవ్వ బయటికొచ్చి, "చాలు, ఇగ ఎవలింటికి వాళ్లు పోండ్రి" అని అందరినీ పంపేసింది. పిల్ల బట్టలు మూట కట్టి అటక మీదికి విసిరింది. కడుపుకోతతో పడున్న కోడలి ఒళ్లో తంబాకు చాట పెట్టి, తునికాకు కట్ట ముందర పడేసి, "బీడీలు చుట్టు" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బుజ్జమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు.

వాడకట్టంతా ముక్కున వేలేసుకుంది. "మనిషా, బండరాయా మీ అత్త?" అని పక్కింటామె గంగామణి చెవిలోనే అడిగింది.

ఆ పొద్దున జొన్నలు విసిరి, పొయ్యి ముట్టిస్తుంటే గంగామణికి దడ మళ్లీ మొదలైంది. మంచుకు తడిసిన కట్టెలు అంటుకోవు. పొగ కళ్లలోకి, గొంతులోకి పోతోంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇప్పుడే, ఇక్కడే ప్రాణం పోతుందనిపించింది. చేతిలో కట్టె వదిలేసి వెనక్కి వాలింది.

నర్సవ్వ వచ్చి చూసింది. అయ్యో అనలేదు, పట్టుకోలేదు. ఊదుగొట్టం తీసి కోడలి చేతిలో కుక్కింది. "ఊదు."

"నాతోని అయితలేదత్తా. పానం పోతున్నది."

"పోదు. ఊదు. గట్టిగ గాదు, నిమ్మలంగ. బూడిద లేవొద్దు, నిప్పు రాజుకోవాలె. ఇంకా మెల్లగ. ఊపిరంత అయిపోయేదాంక ఇడువు. ఆఁ, మల్ల."

గంగామణి ఊదింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే ఊదింది. కాసేపటికి నిప్పు ఎర్రబడింది. వేళ్ల తిమ్మిరి తగ్గినట్టు ఆమెకు తెలిసింది కూడా. కానీ దాని మీదికి మనసు పోలేదు. చావబోయే మనిషి చేత కూడా పొయ్యి ఊదించుకునే అత్త ఉంటుందా అన్నదొక్కటే ఆమె లోపల సలసల కాగింది.

పొద్దుగూకే వేళకు ఇంకో శిక్ష ఉండేది. "నడువు" అనేది నర్సవ్వ. వర్ని ఊరికి పోయే బాట పట్టుకొని ముసలామె చెప్పుల్లేకుండా ముందు ముందు ఉరికినట్టు నడిస్తే, గంగామణి వెనక కాళ్లీడ్చేది. చెరుకు బండ్లు ఎదురొచ్చినా, తెలిసినవాళ్లు పలకరించినా అత్త ఆగేది కాదు. ఎందుకత్తా ఈ నడక అంటే, "కాళ్లాడాలె" అని ఒక్క ముక్క చెప్పేది. తిరిగొచ్చాక కాళ్ల మీద, మణికట్ల మీద చల్లటి నీళ్లు పోసుకొమ్మనేది. ఆకలి లేదన్నా దగ్గర కూర్చొని రొట్టె నమిలించేది.

ఒకరోజు బీడీలు చుడుతూ గంగామణి ఉండబట్టలేకపోయింది. "అత్తా, బుజ్జమ్మ ఉంటే ఈ యాళ్లకు ఆకులన్నీ ఆగం జేస్తుండె గద" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె పెదవి మీద చాలా రోజులకు నవ్వులాంటిదేదో వచ్చింది.

నర్సవ్వ చేతిలో కత్తెర ఆగింది. ఆమె చాట పక్కన పెట్టి, లేచి బయటికి వెళ్లింది. బావి దగ్గర చేద వేసిన చప్పుడు, తోడిన చప్పుడు. కాగులు నిండాయి, గోలెం నిండింది, అయినా ఆమె తోడుతూనే ఉంది. నీళ్లు పొర్లి వాకిలంతా బురదైంది.

మనవరాలి పేరు వింటే కూర్చోలేనంత కోపమా అనుకుంది గంగామణి. ఇక ఈ ఇంట్లో ఉంటే తనకు పిచ్చన్నా ఎక్కుతుంది, చావన్నా వస్తుంది. అంగడికి ఎడ్లు అమ్మడానికి తన పుట్టినూరు జుక్కల్ నుంచి వచ్చిన మనిషితో తన అన్న పండరికి కబురు పెట్టింది. ఒకసారి వచ్చి నన్ను తీస్కపో, లేకుంటే నన్ను చూడవు అని.

పండరి ఆలస్యం చేయలేదు. బండి కట్టుకొని, దారిలో ఒక రాత్రి ఆగి, మర్నాటి పొద్దున్నే బాన్సువాడ చేరాడు. వాకిట్లో ఎడ్లను విప్పకుండానే లోపలికొచ్చాడు. గంగామణి ఇసుర్రాయి ముందు ఉంది. ఆమె చెంపలు లోపలికి పోయాయి. చేతుల గాజులు మోచేతుల దాకా జారుతున్నాయి. చెల్లెల్ని చూడగానే అతని మొహం నల్లబడింది.

"లే గంగా. బట్టలు సదురుకో, పోదాం."

నర్సవ్వ వంటింటి గడపలో నిలబడింది. "కాళ్లు కడుక్కో పండరీ. అంబలి తాగినంక మాట్లాడుదం."

"నీ ఇంట్ల నీళ్లు ముట్ట అత్తమ్మా! బిడ్డను పోగొట్టుకున్న మనిషి, దాన్ని కూసోబెట్టి ఇంత ఊకుంచాల్సింది పోయి, జొన్నలిసురుమంటివి, బీడీలు చుట్టుమంటివి, నీళ్లు మోయుమంటివి. ఏడ్వనన్న ఏడ్వనియ్యకపోతివట. గొడ్డుకు సుత దూడ సచ్చిపోతె రెండొద్దులు నాగలి కట్టరు గదా!"

నర్సవ్వ పైట కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది. అది పండరికి ఇంకా మంట పుట్టించింది. మగ్గం గుంట వైపు తిరిగాడు.

"నువ్వేంది బావా, మాట్లాడవు? నీ పెండ్లాం గీ తీరుగైతుంటె చూసుకుంట కూసున్నవా? నా చెల్లెను చంపుదామనుకున్నరా తల్లీకొడుకులు?"

రాజారాం తల ఎత్తాడు. ఇన్ని రోజుల మూగతనం ఒక్కసారిగా తెగింది.

"చంపింది ఎవలు బావా?" అన్నాడు. "ఎవలు చంపిండ్రో నీ చెల్లెనడుగు. కోక ఆరేస్తున్నదట. కోక! గా కోక ఆరినాంక కట్టుకున్నదా అడుగు."

పండరి చెల్లెలి వైపు తిరిగాడు.

గంగామణి ఏదో అనబోయింది. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. ఊపిరి కోసం ఎగబీల్చింది, మళ్లీ ఎగబీల్చింది, ఎంత పీల్చినా చాలలేదు. పెదవులు నీలంగా మారాయి. వేళ్లు కొంకర్లు పోయి అరచేతుల్లోకి ముడుచుకున్నాయి. ఇసుర్రాయి పక్కన, పిండిలోనే, ఒక పక్కకు ఒరిగిపోయింది.

"గంగా!" అని పండరి మీదికి ఉరికాడు. "ఓ గంగా! అయ్యో, గాలి దూరిందిరా దీనికి! ఎవలన్న మంత్రగాణ్ణి తోల్కరాండ్రి, జల్ది!"

రాజారాం గుంటలోంచి లేచాడు గానీ, కాళ్లు ఎటు వెయ్యాలో తెలియనట్టు అక్కడే నిలబడిపోయాడు.

"గాలీ లేదు, దయ్యం లేదు. జరుగు!" అంటూ నర్సవ్వ పండరిని భుజం పట్టి పక్కకు నెట్టింది. కోడలి వెనక కూలబడి, ఆమెను లేపి తన రొమ్ముకు ఆనించుకుంది. ముడుచుకుపోయిన చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"పిల్లా, నా మాట ఇను. సావవు. నేను చెప్తున్న, సావవు. ఊపిరి గుంజకు, ఇడువు. పొయ్యి ఊదినట్టు ఇడువు. గొట్టం లేకున్నా పెదిమెలు ముడువు. నా పొట్ట నీ ఈపుకు తాకుతున్నదా? నాతోని ఇడువు. నిమ్మలంగ. ఇంకా ఉన్నది లోపట, అంత పోనియ్యి. ఇగ రానియ్యి, అదే వస్తది. మల్ల ఇడువు."

అత్త పొట్ట తన వీపు వెనక మెల్లగా పొంగడం, మెల్లగా తగ్గడం గంగామణికి తెలుస్తోంది. ఆమె దాన్నే పట్టుకుంది. మునిగిపోతున్న మనిషి దరి పట్టుకున్నట్టు పట్టుకుంది. చాలాసేపటికి వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. పెదవులకు రంగు వచ్చింది. అప్పుడే ఆమెకు ఇంకోటి కూడా తెలిసింది. వెనక అత్త ఒళ్లంతా వణుకుతోంది.

"గిదంత నీకెట్ల ఎర్క అత్తా?" అని గంగామణి నీరసంగా అడిగింది.

నర్సవ్వ కోడలిని వదల్లేదు. తన మొహం ఎవరికీ కనబడకుండా కోడలి తల వెనక దాచుకొనే చెప్పింది.

"నాకూ గిట్లనే అయితది గన్క ఎర్క. ఇప్పటికీ అయితది. రాజారాం పుట్టకముందు, పెద్ద జొరాలొచ్చినయ్ సూడు, ఇంటింట్ల పీనుగలు లేసినయ్. గప్పుడు నాకిద్దరు పిల్లలు. మీ మామ ఊళ్లె లేడు, సోలాపురం పోయిండు మగ్గం పనికి. నేను జొరంతోని పడ్డ. పిల్లలిద్దరు నా పక్కల్నే పడ్డరు. అవ్వా నీళ్లు, అవ్వా నీళ్లు అని ఒకటే పిలిసిండ్రు. కడవ గా మూలకున్నది. లేద్దమంటె ఒళ్లు లేవలె. చెయ్యి సాపితె అందలె. పాకుదమంటె పాకరాలె. పిలిసి పిలిసి ముందు పెద్దోడు ఊకున్నడు. ఎనక బిడ్డ ఊకున్నది. నేను సూసుకుంటనే ఉన్న. వాళ్లు పోయిండ్రు, నేను బతికిన."

రాజారాం గోడకు చేరగిలబడ్డాడు. తనకంటే ముందు పిల్లలుండేవారని చిన్నప్పుడు ఎవరో అనగా విన్నాడు. తల్లిని అడిగితే ఆమె లేచి పనిలోకి పోయింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

"గప్పటిసంది పొద్దుగాల కండ్లు తెరిస్తె చాలు, గా పిలుపు ఇనబడుతది," అంది నర్సవ్వ. "రొమ్ము బిగుసుకపోతది. మీ మామ తాయెత్తులు కట్టిచ్చిండు, యాపమండలతోని కొట్టిచ్చిండు. దెబ్బలే మిగిలినయ్. ఒకనాడు పొయ్యి అంటక గొట్టంతోని ఊదుతుంటె, రొమ్ము జెర ఒదులైనట్టనిపించింది. ఇసుర్రాయి తిప్పితె చేతుల ఒణుకు ఆగింది. సీకటి పడకముందు బాట వట్టి నడిస్తె రాత్రి ఇంత కన్నంటుకున్నది. గవ్వే దొరికినయ్ నాకు, పిల్లా. నాకు దొరికినయే నీకిచ్చిన. ఇంకేమియ్యాల్నో నాకెర్క లేదు."

పండరి గొంతులో ఇందాకటి కోపం లేదు. "గా మాట నోరు తెరిచి చెప్పకపోతివి అత్తమ్మా. ఏడ్వనన్న ఎందుకియ్యకపోతివి?"

"భయం పండరీ. పడుకొని ఏడిస్తె ఇగ లేవదేమోనని భయం. నేను లేవకనే గద నా పిల్లలు సచ్చింది. గందుకే రోజు పొద్దుగాల లే, లే అని మొత్తుకునేది. లేసి నిలబడితె చాలు, పానం అదే నిలబడుతది అనుకున్న."

గంగామణి కళ్లు మూసుకుంది. ఇన్ని పొద్దుల్లో చెవిలో ముల్లులా గుచ్చుకున్న ఆ పిలుపు వెనక ఇంత ఉందా అనిపించింది. చంపడానికి పెట్టిన పనులనుకున్నవి తనను బతికించడానికి పెట్టినవి. అయినా ఆమె లోపలి ముద్ద కరగలేదు. భర్త అన్న మాట అక్కడే ఉంది, కత్తిలా.

"ఆయనన్నది నిజమే అత్తా," అంది. "నేనే చంపుకున్న. నేనిటు తిరగకుంటె..."

"గాదు!"

అరిచింది రాజారాం. వచ్చి భార్య ముందు, పిండిలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె మొహంలోకి చూడటానికి ప్రయత్నించాడు. కాలేదు.

"గా పొద్దుగాల బుజ్జి నా కాడికే వచ్చింది. బాపూ, నీ కాడ కూసుంట, నూలు ఉండలతోని ఆడుకుంట అన్నది. నూలు దొరుకుతలేదని నేను చిరాకు మీదున్న. పోవే, మీ అమ్మతోని కాలువకు పో అని కసిరిన. ఏడ్సుకుంట నీ ఎంబడి వచ్చింది. నేను పొమ్మనకుంటె అది మగ్గం కాడ్నే ఉంటుండె గంగా. గా మాట ఎవలికి చెప్పుకోను? నీ మీదికి తోసిన. నీ మొకం చూస్తె నా తప్పు నాకే కనబడుతదని చూడలె."

గంగామణి చెయ్యెత్తి అతని భుజం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆ చేతిలో బలం లేదు.

"ఇన్నొద్దులు... ఇన్నొద్దులు నన్ను ఒక్కదాన్ని చేసి కూసున్నవా?" అంది. అంతే, ఆ మాటతోనే ఆమెకు ఏడుపొచ్చింది. వర్షాకాలం నుంచి ఆగి ఉన్న ఏడుపు. తల నేలకేసి కొట్టుకోబోతే రాజారాం పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోలేదు. దగ్గరికీ జరగలేదు.

పండరి తలపాగా తీసి కళ్లు తుడుచుకున్నాడు. వాకిట్లో ఎడ్లు మెడలు ఆడిస్తుంటే గంటలు మోగుతున్నాయి.

"పో బిడ్డా," అంది నర్సవ్వ. కోడలిని ఆమె బిడ్డా అనడం ఎవరూ విని ఉండలేదు. "మీ అన్నతోని పో. మీ అవ్వ ఒళ్లె తలకాయ పెట్టి కడుపునిండ ఏడువు. గీ ఇంట్ల నేను ఏడ్వనియ్యలె. ఊపిరి ఆడనిచ్చుడు నేర్పిన గని, గిది నాకు రాలె. నీకు రావాలనిపిస్తె రా, లేకుంటె లేదు."

ఆమె అటక మీది మూట దించింది. దుమ్ము దులిపి కోడలి ఒళ్లో పెట్టింది. చిన్న చిన్న గౌన్లు, ఒక ఎర్ర లంగా. గంగామణి ఆ లంగాను ముక్కుకు ఆనించుకుంది. చాలాసేపటికి తల ఎత్తింది.

"అత్తా, నీ పిల్లల పేర్లేంది?"

నర్సవ్వ బిత్తరపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అలవాటు కొద్దీ ఆమె చూపు చేద వైపు, బావి వైపు పోయింది. లేవబోయింది. గంగామణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోకు. ఇక్కడ్నే కూసో. నిమ్మలంగ చెప్పు."

ముసలామె పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. రెండోసారి గాలి మాత్రం వచ్చింది. ఇన్నేళ్లుగా గొంతు దాటని మాట కావడంతో ఎట్లా పలకాలో మరిచిపోయినట్టుంది.

"బాలమల్లు," అంది చివరికి. "పెద్దోడు. మాటలు మస్తు చెప్పెటోడు." కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బిడ్డ గంగాబాయి. నా గంగాబాయి... ఇంకా పాలిడువలె."

ఆ పేరు నోటి నుంచి బయటపడగానే నర్సవ్వ నడుం విరిగినదానిలా ముందుకు కూలింది. ఆమె నోట వెలువడిన శోకానికి ఎడ్లు బెదిరి బండి కాడి లాగాయి. కోడలు ఆమె మీద పడింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు కరుచుకొని, పేర్లు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చారు. ఆ మూడు పేర్లూ కలిసిపోయాయి. తల్లి ఏడవడం పుట్టిన తర్వాత మొదటిసారి చూస్తున్న రాజారాం ఆమె పాదాల దగ్గర చేరి, చిన్నపిల్లాడిలా వెక్కాడు. పండరి వెళ్లి ఎడ్లను బండి నుంచి విప్పేశాడు. ఆ రోజు ప్రయాణం లేదని అతనికి ఎవరూ చెప్పలేదు.

శోకాలు విని వాడకట్టు ఆడవాళ్లు చేతుల్లో పనులు వదిలేసి ఉరికొచ్చారు. ముందుగా వచ్చిన పక్కింటామె గడపలో ఆగిపోయి అడిగింది.

"అయ్యో, ఏమాయె? ఎవలు పోయిండ్రు?"

రాజారాం తడి మొహం ఎత్తాడు.

"మా అన్న," అన్నాడు. "మా అక్క. నా బిడ్డ."